కొరతను పంచుకొనుట ఎట్లు? – ఒక నగరపు నీటి పాఠము

అర్థశాస్త్రమనగా ధనార్జనమును నేర్పు శాస్త్రమని పలువురు తలంతురు. అది సరికాదు. ధనము లేని ఇంటిలోను, నాణెము నెరుగని అడవిపల్లెలోను గూడ అర్థశాస్త్రము కలదు. ఏలయన, కోరికలు ఎక్కువయై, వానిని తీర్చు సాధనములు తక్కువయై యున్న ప్రతిచోటను “దీనిని ఎవరికి, ఎంత, ఏ క్రమమున ఇయ్యవలెను?” అను ప్రశ్న పుట్టక మానదు. ఆ ప్రశ్నకు వివిధ సమాజములు చెప్పుకొనిన సమాధానములే ఈ శాస్త్రమునకు మూలము. ఆ సమాధానములను చెన్నై నగరపు నీటిని ఉదాహరణముగా గొని పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. మన పెద్దలు చెన్నపురి యని పిలుచుకొనిన ఈ నగరమున నివసించు తెలుగువారికి ఈ ఉదాహరణము రెండు విధముల దగ్గరిది. ఆ నీటిని త్రాగువారిలో మనమును ఉన్నాము. ఆ నీటిలో కొంత తెలుగునేల మీదుగా వచ్చుచున్నది.

1. కొరత యనగా నేమి?

కొరత యనగా వస్తువు స్వల్పముగా నుండుట మాత్రమే కాదు. విరిగిన రాతిపలకలు నేడు కనబడుటయే అరుదు; అయినను వానిని కోరువారు లేరు గనుక వానికి కొరత లేదు. మెరీనా తీరమున సముద్రజలము అపారము. అయినను త్రాగుటకు పనికిరాదు గనుక దాని వలన నగరపు దాహము తీరదు. కోరువారు కోరిన పరిమాణమునకు, దొరకు పరిమాణము చాలకుండుటయే కొరత. 1932లో ఆంగ్ల ఆర్థికవేత్త లియోనెల్ రాబిన్స్ తన గ్రంథమున ఈ భావమును స్థిరపరచెను. మానవుని లక్ష్యములు అనేకములు, సాధనములు పరిమితములు, ఒక్కొక్క సాధనమును పలు పనులకు వినియోగింపవచ్చును. ఈ మూడింటి కలయికనుండి జనించు నడవడియే అర్థశాస్త్రమునకు విషయమని ఆయన నిరూపించెను.

ఒక ఇంటికి దినమునకు పది బిందెల నీరు వచ్చుననుకొందము. ఆ నీరు త్రాగుటకును, వంటకును, స్నానమునకును, బట్టలుదుకుటకును, వాకిట చల్లుటకును పనికివచ్చును. ఒక బిందెను బట్టలకు వాడినచో అది స్నానమునకు మిగులదు. ఒకదానిని ఎన్నుకొనునప్పుడు మనము వదలుకొను మరియొకదాని విలువను అవకాశ వ్యయమందురు. ఈ వ్యయము రూపాయలలో కనబడకపోవచ్చును. అయినను ఎవరో ఒకరు దానిని చెల్లించియే తీరుదురు. ఈ వ్యాసమంతటికిని ఇదియే తాళపుచెవి.

2. చెన్నై నగరపు స్థితి

చెన్నైకి సంవత్సరమునకు సగటున సుమారు 1,400 మిల్లీమీటర్ల వర్షము కురియును. ఇది తక్కువ వర్షము కాదు. అయితే దానిలో సగమునకు పైగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గల ఈశాన్య ఋతుపవన కాలముననే పడును. నగరమునకు జీవనది లేదు. పూండి, చోళవరము, పుళల్, చెంబరంబాకము అను నాలుగు జలాశయములే ప్రధానాధారము. వీనిలో పూండి జలాశయము 1944లో పూర్తియయ్యెను; దానికి నగర మేయరుగా పనిచేసిన సత్యమూర్తి పేరు పెట్టిరి. నాలుగు జలాశయములు నిండినను కలిసి సుమారు 11 టీ.ఎం.సీ.లు మాత్రమే పట్టును. ఒక టీ.ఎం.సీ. యనగా వంద కోట్ల ఘనపుటడుగులు. లీటర్లలో చెప్పవలెనన్న సుమారు 2,830 కోట్ల లీటర్లు.

2015 డిసెంబరులో ఈ నగరము వరదలో మునిగెను. 2019 జూన్ నాటికి ఆ నాలుగు జలాశయములును దాదాపుగా ఎండిపోయెను. నాలుగేండ్ల లోపున ఒకే నగరమునకు రెండు విపత్తులు! కొరత యన్నది ప్రకృతి ఇచ్చిన పరిమాణమును బట్టి మాత్రమే గాక, మనము నిలువచేసికొని పంచుకొను పద్ధతిని బట్టియు నుండునని దీనివలన తెలియుచున్నది. ఇక ఆ పద్ధతులను ఒక్కొక్కటిగా చూతము.

3. ఆచారము

మొదటి పద్ధతి ఆచారము. చెన్నై చుట్టునున్న జిల్లాలలోను, రాయలసీమలోను, కర్ణాటకలోని కోలారు ప్రాంతములోను చెరువుల క్రింది సేద్యము ప్రాచీనమైనది. చెరువునకు కట్ట, తూము, అలుగు ఎంత ముఖ్యమో, నీటి వంతులను నడపు మనిషియు అంత ముఖ్యము. అతనిని మనవారు నీరుగంటి యందురు. తమిళులు నీర్‌కట్టి యందురు. ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో, ఏ మడి తరువాత ఏ మడియో నిర్ణయించి పారించుట అతని పని. రైతు తనంతట తాను తూము తెరువరాదు. నీరుగంటి కూలి ధాన్యరూపమున ఆయకట్టు రైతులందరు కలిసి ఇచ్చెడివారు.

నీరు చాలని సంవత్సరమున కొన్ని చెరువుల క్రింద ఒక చక్కని కట్టుబాటు కలదు. ఆయకట్టు అంతయు తడుపుటకు ప్రయత్నించి అంతయు ఎండబెట్టుకొనుటకు బదులు, తూమునకు దగ్గరనున్న భూమిని మాత్రమే సాగుచేసి, దానిని రైతులందరు తమ తమ భూముల దామాషా ప్రకారము ఆ యేటికి పంచుకొందురు. దూరపు భూమి గలవాడును పూర్తిగా నష్టపడడు. దగ్గరి భూమి గలవాడును పూర్తిగా లాభపడడు. నష్టము అందరిపై సమముగా పడును.

ఇట్టి కట్టుబాట్లు ఎచ్చట నిలుచును? న్యూజిలాండు పండితుడు రాబర్ట్ వేడ్ కర్నూలు జిల్లాలో కాలువ క్రింది గ్రామములను పరిశీలించి 1988లో ఒక గ్రంథము ప్రకటించెను. నీరు పుష్కలముగా దొరకు ఎగువ గ్రామములలో ఉమ్మడి ఏర్పాట్లు అంతగా కనబడలేదు. నీటికి నమ్మకము లేని కాలువ చివరి గ్రామములలోనే ప్రజలు ఉమ్మడి నిధిని కూర్చుకొని, నీరు పారించు మనుష్యులను అందరి తరఫున నియమించుకొనిరి. కొరత కలహమునే పెంచునను సామాన్యాభిప్రాయమునకు ఇది సవరణ. ప్రజలు స్వయముగా నియమములు చేసికొని ఉమ్మడి వనరులను కాపాడుకొనగలరని ప్రపంచమందలి పలు ఉదాహరణములతో నిరూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను.

అయితే ఆచారమునకును లోపము కలదు. చెరువునీటి వంతు భూమిని బట్టి వచ్చును. భూమి లేని కూలివానికి ఆ వంతులో వంతు లేదు. నీటిని పారించు నీరుగంటి పలుచోట్ల తనకంటూ మడి లేనివాడే. ఆచారము న్యాయమైనదా యని అడుగునపుడు, అది ఎవరిని వరుసలో నిలువనే నిలువనీయలేదో గూడ అడుగవలెను. మరియు ఒకరి నొకరు ఎరిగిన గ్రామమునకు సరిపడు పద్ధతి, లక్షలాది అపరిచితులుండు నగరమునకు యథాతథముగా సరిపడదు.

4. ధర

రెండవ పద్ధతి ధర. నీటిని అమ్మువాడు అమ్మును. ఇచ్చగించి డబ్బు చెల్లించగలవాడు కొనును. ఆడమ్ స్మిత్ 1776లో ప్రకటించిన గ్రంథమున ఒక చిక్కుప్రశ్న వేసెను: నీటికంటె ఉపయోగకరమైనది లేదు, అయినను దానికి ధర లేదు, వజ్రము వలన ఉపయోగము స్వల్పము, అయినను దాని ధర అధికము, ఇది ఏల? దాదాపు నూరేండ్ల తరువాత, 1871లో జెవన్స్, మెంగర్ అనువారు వేర్వేరుగా దీనికి సమాధానము చెప్పిరి. ధర వస్తువుయొక్క మొత్తము ఉపయోగమును బట్టి గాక, చివరి భాగపు ఉపయోగమును బట్టి ఏర్పడును. దీనిని ఉపాంత ప్రయోజనమందురు. పది బిందెలున్న ఇంటిలో పదియవ బిందె వాకిలి చల్లుటకు. దాని విలువ అల్పము. ఒకే బిందె ఉన్న ఇంటిలో ఆ బిందె ప్రాణము. దాని విలువ అమూల్యము.

ధరకు రెండు సుగుణములు గలవు. ధర పెరిగినచో వాడువాడు పొదుపు చేయును. అమ్మువాడు ఎంత దూరమునుండియైనను సరకును తెచ్చును. ఎవ్వరి ఆజ్ఞయు లేకయే ఈ రెండు పనులును జరుగును. 2019 వేసవిలో ప్రైవేటు ట్యాంకరు లారీలు పొరుగు పల్లెల బావులనుండి నీరు తెచ్చి నగరమున అమ్మినవి. అవి లేకున్నచో అనేక గృహములకు, ఆసుపత్రులకు, భోజనశాలలకు నీరు దొరకకపోయెడిది.

కాని ధర అడుగునది “నీకు దాహమున్నదా?” అని కాదు, “నీవద్ద డబ్బున్నదా?” అని. ట్యాంకరు నీటిలో ఒక కుటుంబపు వంతునకు 100 రూపాయలైనదనుకొందము. దినమునకు 5,000 సంపాదించువానికి అది యాబదియవ వంతు. 500 సంపాదించువానికి అయిదవ వంతు. మొదటివాడు ఆ నీటితో కారు కడుగుకొనవచ్చును; రెండవవాడు బిడ్డకు పాలు తగ్గించి కొనవలసివచ్చును. ధర ఇద్దరికిని ఒకటే. త్యాగము ఒకటి కాదు. ఇంకొక లోపమును కలదు. నగరమునకు నీరమ్మిన రైతునకు డబ్బు ముట్టినది. కాని భూగర్భజలము ఒక్కని బావికి పరిమితమైనది కాదు. అతని మోటారు లాగిన కొలది పొరుగు రైతు బావియు అడుగంటును. ఆ పొరుగువానికి అమ్మకములో భాగము లేదు, నష్టములో మాత్రము భాగము కలదు. ఆ బేరమున అతని మాట అడిగినవారు లేరు.

5. ప్రభుత్వ పంపిణీ

మూడవ పద్ధతి ప్రభుత్వ పంపిణీ. బియ్యమునకు రేషను కార్డు ఎట్టిదో, నీటికి వీథి కుళాయి, వీథి చివర నిలుచు లారీ అట్టివి. ఇంటికి ఇన్ని బిందెలు. ధనవంతుడని ఎక్కువ లేదు, పేదవాడని తక్కువ లేదు. ప్రాణావసరమైన వస్తువు విషయమున ఇది ధర్మమునకు దగ్గరి మార్గము. 2019 జులై 12న జోలార్‌పేటనుండి చెన్నైకి మొదటి నీటిరైలు వచ్చినది. 50 వ్యాగనులు, వ్యాగనునకు 50,000 లీటర్లు; అనగా రైలునకు 25 లక్షల లీటర్లు. రెండువందల కిలోమీటర్లకు పైగా నీటిని రైలుమీద మోయుట ఏ వర్తకునికిని లాభసాటి కాదు. ప్రభుత్వమే చేయదగిన పని. అయితే ఆ దినములలో నగరమునకు రోజునకు యాబది కోట్ల లీటర్లకు పైగా సరఫరా అగుచుండెను. లెక్క వేసినచో ఒక రైలు నీరు దానిలో రెండువందలవ వంతు మాత్రమే. సాహసము ఎంతటిదైనను పరిమాణమును మరువరాదు.

పంపిణీలో ధర లేదని తలంతుము గాని, అచ్చటను ధర కలదు. అది రూపాయలలో గాక గంటలలో నుండును. లారీ ఎప్పుడు వచ్చునో తెలియక రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వరుసపెట్టి కాచుకొనియుండు దృశ్యము చెన్నైవాసులందరు ఎరిగినదే. ఆ వరుసలో నిలుచువారిలో అత్యధికులు స్త్రీలు. కూలికి పోవలసిన తల్లి ఆ పూట కూలి కోల్పోవును. బడికి పోవలసిన బాలిక మొదటి గంట పాఠము కోల్పోవును. పద్దులో ఆ నీరు ఉచితమని వ్రాయబడును. దాని అవకాశ వ్యయమును మాత్రము ఎవ్వరును వ్రాయరు.

6. ఒడంబడిక

నాలుగవ పద్ధతి ఒడంబడిక. ఒక రాష్ట్రమునకు, వేరొక రాష్ట్రమునకు నడుమ ఆచారము చాలదు, ధర కుదురదు, ఒకరి ఆజ్ఞను మరియొకరు పాటింపరు. అట్టిచోట న్యాయస్థానమో, సమ్మతిపత్రమో కావలెను. కృష్ణా జలములను బచావత్ న్యాయాధికరణము పంచినపుడు మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టీ.ఎం.సీ.లు కేటాయింపబడెను. మద్రాసు నగరము కృష్ణా పరీవాహకమున లేదు. దానికి ఆ పంపకమున వాటా రాలేదు. అయినను 1976లో ఆ మూడు రాష్ట్రములును నగరపు దాహమును గుర్తించి, ఒక్కొక్కటి తన వాటానుండి 5 టీ.ఎం.సీ.ల చొప్పున మొత్తము 15 టీ.ఎం.సీ.లు వదలుకొనుటకు సమ్మతించెను. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వములు ఒప్పందము చేసికొనెను. అప్పుడు ముఖ్యమంత్రులు నందమూరి తారక రామారావు, ఎం.జి. రామచంద్రన్. ఆవిరిగా పోవు 3 టీ.ఎం.సీ.లు తీసివేయగా 12 టీ.ఎం.సీ.లు సరిహద్దునకు చేరవలెనని నిర్ణయము. ఇదియే తెలుగుగంగ.

శ్రీశైలమునుండి వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా పూండి వరకు ఆ నీటి ప్రయాణము నాలుగువందల కిలోమీటర్లకు పైబడినది. 1996లో మొదటిసారిగా నీరు పూండికి చేరెను. కండలేరు–పూండి కాలువలో గట్లు దెబ్బతిని నీరు ఇంకిపోవుచుండగా, పుట్టపర్తి శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు దానిని బాగుచేయించెను. ఆ పని 2004 నాటికి ముగిసెను. కారిపోవు నీటిని ఆపుటయు క్రొత్త నీటిని సంపాదించుటతో సమానమే.

12 టీ.ఎం.సీ.లనగా దినమునకు సుమారు 93 కోట్ల లీటర్లు. నగరపు నాలుగు జలాశయముల మొత్తము కంటె ఇది ఎక్కువ. అయితే ఆ మొత్తము పూర్తిగా అందని సంవత్సరములు పెక్కు. దీనికి ఒక పక్షమునే నిందించుట సులువు. అర్థశాస్త్ర విద్యార్థి మరికొంత లోతుగా చూడవలెను. తెలుగుగంగ క్రింద కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతములలో 5,75,000 ఎకరములకు నీరందవలెనని సంకల్పము. కాలువ ప్రక్కన ఎండుచున్న చేనితో నిలుచున్న రాయలసీమ రైతు ముందునుండి, తాను ఎన్నడును చూడని నగరమునకు నీరు పారిపోవును. శ్రీశైలము నిండని యేట ఎవరు ఆగవలెను? సంతకములు నీటిని పంచును గాని వర్షమును సృష్టింపవు. ఒడంబడికకు బలము కాగితమున కాదు, కొరత వచ్చిన యేట ఎవరు ఎంత తగ్గించుకొనవలెనో ముందే స్పష్టముగా వ్రాసికొనుటలో కలదు. చెరువు క్రింది దామాషా కట్టుబాటు మనకు నేర్పినదియు ఇదే.

7. పరిమాణమును పెంచుట

పంచుకొనుటకంటె పెంచుకొనుట మేలు గదా యని కొందరందురు. అదియు నిజమే, కాని ఉచితము కాదు. 2004లో వీరాణము చెరువునుండి 235 కిలోమీటర్ల గొట్టముల ద్వారా నగరమునకు నీరు తెచ్చిరి. ఆ చెరువు చోళుల కాలమున, పదియవ శతాబ్దిలో, సేద్యము కొరకు త్రవ్వబడినది. దాని క్రింద నేటికిని సేద్యము కలదు. సముద్రజలమునుండి ఉప్పును తీయు కర్మాగారములు మీంజూరున 2010లోను, నెమ్మేలిలో 2013లోను ప్రారంభమయ్యెను. ఒక్కొక్కటి దినమునకు 10 కోట్ల లీటర్లు ఇయ్యగలదు. అయితే వెయ్యి లీటర్లకు సుమారు మూడు నాలుగు యూనిట్ల విద్యుత్తు కావలెను. అనగా 10 కోట్ల లీటర్లకు మూడు నాలుగు లక్షల యూనిట్లు. మిగిలిన చిక్కటి ఉప్పునీరు తిరిగి సముద్రమున కలియును. దానివలన తమకు నష్టమని తీరపు మత్స్యకారులు ఆక్షేపించిరి. నీటి కొరతను విద్యుత్తు కొరతగాను, చేపల కొరతగాను మార్చుకొనుచున్నామా యని చూచుకొనవలెను.

వీనిలో తక్కువ వ్యయమైనది వాననీటిని నేలకింకించుట. 2003లో తమిళనాడు ప్రభుత్వము భవనములన్నిటికిని ఇది తప్పనిసరి చేసెను. ఇంకుడు గుంటను పూడిక తీసి బాగుగా నుంచుకొనిన వీథిలో బావి మట్టము పైకి వచ్చును. అయితే ఆ ఫలము గుంట త్రవ్వినవానికే గాక త్రవ్వని పొరుగువానికిని దక్కును. అందుచేతనే “ఇతరులు చేయుదురు లెమ్మ”ని ఊరకుండువారు ఎక్కువగుదురు. ఇట్టిచోట చట్టము, ఉమ్మడి కట్టుబాటు రెండును అవసరమగును.

8. మూడు ప్రశ్నలు

ఆచారము, ధర, పంపిణీ, ఒడంబడిక అను నాలుగింటిలో ఏది ఉత్తమము? ఒక్కదానినే పట్టుకొని తక్కినవానిని త్రోసివేయువారు శాస్త్రము నెరిగినవారు కారు. త్రాగునీటికి పంపిణీ, ఈతకొలనుల నీటికి ధర, చెరువునకు ఆచారము, నదికి ఒడంబడిక తగియుండును. ఒకే నీరు, నాలుగు నీతులు. అయితే ఏ పద్ధతియు కొరతను మాయము చేయదు. దానిని ఎవరి భుజములపై మోపవలెనో మాత్రమే నిర్ణయించును. కావున ఏ పంపకమును చూచినను ఈ మూడు ప్రశ్నలు వేయవలెను: ఎవరికి దక్కినది? దానికొరకు ఎవరు వదలుకొనిరి? వదలుకొనినవారి మాటను ఎవరైన అడిగిరా?

మొదటి ప్రశ్నను అందరును అడుగుదురు. రెండవదానిని కొందరే అడుగుదురు. మూడవదానిని అడుగు సమాజమే నాగరిక సమాజము.

ఇంటివద్ద చేయవలసిన లెక్క

విద్యార్థులు ఒక వారము దినములు తమ ఇంట వాడు నీటిని బిందెలలోగాని బకెట్లలోగాని కొలిచి, త్రాగుటకు, వంటకు, స్నానమునకు, బట్టలకు, పాత్రలకు, ఇతరములకు ఎంతెంతయో పట్టికగా వ్రాయవలెను. పిమ్మట ఆ నీరు సగమైనదనుకొని, ఏ పనిని ముందు తగ్గింతురో వరుసగా గుర్తింపవలెను. తుదకు, ఆ తగ్గింపు వలన ఇంటిలో ఎవరి పని పెరుగునో, ఎవరి సుఖము తగ్గునో ఎదురుగా వ్రాయవలెను. ఆ చివరి వరుసలో ఎక్కువమారులు అమ్మ పేరో, అవ్వ పేరో వచ్చినచో, పట్టికను మడిచి పెట్టక ఇంటిల్లిపాదియు కలిసి దానిని మరల వ్రాయవలెను.